తాతయ్య ఇంటికి ప్యాకప్!

హీరోగారి కోసం ఎదురుచూడటం మా వృత్తిలో సగం పని. మిగతా సగం, ఆయన వచ్చాక ఏం సెలవిచ్చారో రాయడం. ఈసారి మొదటి సగంలోనే నాకు కథ దొరికిపోయింది. రెండో సగం అవసరం రాలేదు!

హైదరాబాదు శివార్లలో ఒక సెట్టు. కథ ప్రకారం అది గోదావరి జిల్లాలో పెద్దింటివారి మండువా లోగిలి. తొమ్మిదింటికల్లా రమ్మన్నారు కదా అని బుద్ధిగా వెళ్ళాను. పన్నెండయింది. లైట్‌బాయ్‌లు మూడో విడత టీ తాగుతున్నారు. నేను అరుగు మీద కూర్చుని, ఏమీ తోచక, పక్కనున్న స్తంభం మీద వేళ్లతో దరువు వేశాను.

సెట్టు స్తంభం ఎలా మోగుతుందో నాకు తెలుసు. పైన ప్లైవుడ్డు, లోపల గాలి. డబ్బా మోత మోగుతుంది. ఇది మోగలేదు సరికదా, నా వేళ్ళే నొప్పి పుట్టాయి!

“అది నిజం స్తంభం సార్. ఇద్దరు ఎత్తినా కదలదు” అన్నాడు పక్కనుంచి ఒక కుర్రాడు. చేతినిండా రంగు, చెవి మీద పెన్సిలు. ఆర్ట్ డిపార్టుమెంటులో అసిస్టెంటు.

“ఎక్కడిదోయ్?”

“కారైకుడి సార్. ఎవరిదో ఇల్లు విప్పినప్పుడు కొన్నాం. ఆ తలుపూ అంతే. ఆ పై కమ్ములూ అంతే. గోడలు మాత్రం మనవే, ప్లాస్టర్ ఆఫ్ పారిస్!”

‘ఇల్లు విప్పినప్పుడు’ అన్న మాట నా చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అంతకు ముందురోజు రాత్రే మా మావయ్య ఫోను చేశాడు. కోనసీమలో మా తాతయ్య కట్టించిన ఇల్లు పడగొట్టేస్తున్నారట. ఉత్తరం గోడ వానలకి ఒరిగిపోయింది. అత్తయ్య పోయాక అందులో ఎవరూ ఉండటం లేదు. మావయ్య కూతురి పెళ్లి దగ్గర పడింది. అదే స్థలంలో డాబా వెయ్యాలి. శంకుస్థాపనకి ముహూర్తం పెట్టించేశారు. పొక్లెయిన్‌వాడు వస్తాడు, ఒకటిన్నర రోజులో నేల చదును చేస్తాడు, శిథిలాలన్నీ తనే పట్టుకుపోయి పైగా కొంత డబ్బు చేతిలో పెడతాడు. “మీ అమ్మకి నువ్వే మెల్లిగా చెప్పు అల్లుడూ” అని ఫోను పెట్టేశాడు.

మా అమ్మకి నేను ఇంకా చెప్పలేదు. ఆ ఇంట్లోనే పుట్టింది మా అమ్మ.

అసిస్టెంటు కుర్రాడికి సంగతి చెప్పాను. వాడు చెవి మీది పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “సార్, మిషను ఎక్కనివ్వకండి. ముందు ఇల్లు విప్పే మేస్త్రీని తీసుకెళ్ళండి. గోడ సున్నంతో కట్టారా, సిమెంటుతో కట్టారా?”

“ఏమో! సున్నమే అనుకుంటా.”

“అయితే అదృష్టవంతులు” అన్నాడు.

హీరోగారు ఒంటిగంటకి వచ్చారట. నేను అప్పటికి బస్‌స్టాండులో ఉన్నాను.

ఫ్లాష్‌బ్యాక్: కారైకుడి

కథలోకి వెళ్ళేముందు కొంచెం ఫ్లాష్‌బ్యాక్. కారైకుడి పేరు సినిమావాళ్ళకి కొత్తది కాదు. ఎ.వి. మెయ్యప్పన్‌గారి సొంత ఊరు అదే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మద్రాసు విడిచి అక్కడే స్టూడియో పెట్టుకుని, 1947లో వచ్చిన ‘నాం ఇరువర్’ తీశారు. ఆ తరువాతే ఏవీఎం కోడంబాకం చేరింది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళని చెట్టినాడు అంటారు. అక్కడి నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, మలయా దేశాల్లో వడ్డీ వ్యాపారం చేసి, సంపాదనంతా ఊళ్ళో ఇళ్ళ మీద పోశారు. బర్మా నుంచి ఓడల మీద టేకు తెప్పించి, ఒక వీధిలో సింహద్వారం, వెనక వీధిలో పెరటి ద్వారం ఉండేటంత పొడుగు ఇళ్ళు కట్టారు. యుద్ధం వచ్చింది, బర్మా చేజారింది, వ్యాపారాలు పోయాయి. ఇల్లు ఒక్కటే, వారసులు డజన్లకొద్దీ. ఎవరు బాగుచేయిస్తారు? కొన్ని ఇళ్ళు విప్పేశారు. ఆ స్తంభాలూ, తలుపులూ, అద్దాలూ అమ్మే పాతసామాన్ల బజారే కారైకుడిలో ఉంది. మీరు తెర మీద చూసి ‘ఆహా’ అనుకున్న గుమ్మాలు కొన్ని అక్కడ ధూళి తిన్నవే.

బర్మాతో మనకూ చుట్టరికం ఉందండోయ్! కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్ళు వేలాదిగా రంగం వెళ్ళి కూలి పనులు చేసుకున్నారు. అక్కడ మనవాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. ఇప్పుడా బర్మా దుంగలకి గేటు పడింది. మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్‌లో దుంగల ఎగుమతి ఆపేసింది. అందుకే పాత ఇంట్లో ఉన్న టేకు దూలానికి ఇవాళ అంత గిరాకీ. నిదానంగా పెరిగిన చెట్టు, చేవ తేలిన కర్ర, దశాబ్దాలుగా ఆరిన కర్ర. ఇంక వంకర పోదు.

విలన్ ఎంట్రీ

సరే, మా ఊరు. నేను వెళ్ళేసరికి వాకిట్లో మావయ్య, పక్కన పొక్లెయిన్ మనిషి ఉన్నారు. ఆయన్ని విలన్ అనడం అన్యాయమే. మర్యాదస్తుడు. “మీకు శ్రమ లేకుండా చేస్తానండి” అన్నాడు. ఆ శ్రమ లేకపోవడమే నాకు భయమేసింది.

నాతో ఒక మేస్త్రీ వచ్చాడు. అరవై దాటిన మనిషి. పక్క మండలంలో పాత ఇళ్ళు విప్పడమే ఆయన పని. ఇంటి చుట్టూ తిరిగాడు. గోడ పగులులో గోరు పెట్టి గీకాడు. పొడి రాలింది. నాలిక మీద వేసుకున్నాడు!

“గానుగ సున్నమండి. ఇటుక ఇటుకలాగే వస్తుంది. వెనకాల వంటిల్లు మాత్రం సిమెంటుతో కట్టారు. అది రాదండి. సిమెంటు పట్టుకుంటే వదలదు, ఇటుక విరగాల్సిందే.”

అన్నట్టు, ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. సున్నంతోనో, మట్టితోనో పేర్చిన ఇటుక సుత్తితో నాలుగు తట్లు తడితే విడిపోతుంది. సిమెంటుతో కట్టినది ఇటుకకన్నా గట్టిగా పట్టేస్తుంది. ఇక స్లాబు సంగతి చెప్పక్కర్లేదు. పగలగొడితే లోపల ఇనుము పాత ఇనుపసామానుకి, మిగతాది కంకరకి. మన తాతల ఇళ్ళు విప్పడానికి వీలుగా పుట్టాయి. మన ఇళ్ళు పగలడానికే పుట్టాయి!

“ఎన్ని రోజులు?” అన్నాడు మావయ్య.

“తొమ్మండుగురు మనుషులు, పద్నాలుగు రోజులండి.”

“ముహూర్తం పద్దెనిమిది రోజుల్లో ఉంది. కూలి ఎవడిస్తాడు? నువ్విస్తావా అల్లుడూ?” మావయ్య గొంతు పెరిగింది. “ఇల్లంటే ప్రేమ నాకు మాత్రం లేదా? ఈ ఉత్తరం గోడ పక్కన నాలుగు వానాకాలాలు నిద్రలేకుండా పడుకున్నది నేను. మీరు పండక్కి వచ్చి ఫోటోలు తీసుకుని పోయారు.”

నా దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది నిజం.

మేస్త్రీయే అందుకున్నాడు. “బాబుగారూ, మిషను ఆయన మీకిచ్చే డబ్బు ఈ నాలుగు స్తంభాల ఖరీదు చెయ్యదండి. నా కూలి పోను మీకు ఇటుక మిగులుతుంది, కర్ర మిగులుతుంది. కొత్త పునాదికి కంకర బదులు పాత ముక్కలు పోసుకోవచ్చు. ఆలోచించండి.”

మావయ్య చాలాసేపు చుట్ట కాల్చాడు. “ముహూర్తానికి రెండు రోజుల ముందు నాకు నేల కనపడాలి. కనపడకపోతే పొక్లెయినే. మళ్ళీ ఎవరూ మాట్లాడకూడదు” అన్నాడు. అంటే పదహారు రోజులు.

ఆ రాత్రి అమ్మకి చెప్పాను. అమ్మ ఏడవలేదు. “మండువాలో తూర్పు స్తంభం జాగర్తరా” అంది. ఎందుకో చెప్పలేదు.

రీలు వెనక్కి తిప్పినట్టు...

సినిమా రీలు వెనక్కి తిప్పితే ఎలా ఉంటుంది? పగిలిన కుండ అతుక్కుంటుంది, పడ్డవాడు లేచి గోడెక్కుతాడు. ఇల్లు విప్పడం అచ్చం అదే. “కట్టినోడు ఆఖర్న ఏం పెట్టాడో, అది మనం ముందు తియ్యాలి. ఇందులో ఉన్న విద్య అంతేనండి” అన్నాడు మేస్త్రీ.

మొదటిరోజు కరెంటు తీగలు తీయించారు. తరువాత తలుపు రెక్కలు, కిటికీ రెక్కలు, అల్మారాలు. ద్వారబంధాలు మాత్రం ముట్టుకోలేదు. గోడ బరువు వాటి మీద ఉంటుందట, గోడ దిగాకే వాటి వంతు. మూడోరోజు పైకప్పు. పెంకులు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి దిగాయి. కొన్ని గూనపెంకులు, తరువాతెప్పుడో వేయించిన కొన్ని మంగుళూరు పెంకులు. వాటి వెనక కంపెనీ పేరు అచ్చుపోసి ఉంది. ఆ రకం పెంకుల ఫ్యాక్టరీని బాసెల్ మిషన్‌వాళ్ళు మంగుళూరులో 1865లో పెట్టారని చదివాను. పెంకు మీద నాచు ఉన్నా, తట్టితే ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులు. మేస్త్రీ చెవే సౌండ్ రికార్డిస్టు!

పెంకుల తరువాత రీపర్లు, వాసాలు, దూలాలు. ప్రతి కర్రకీ సుద్దముక్కతో నంబరు వేశారు. నేను సెల్‌ఫోనుతో ఫోటో తీశాను. మన భాషలో దీన్ని కంటిన్యుటీ అంటారు! రేపు ఎవరైనా ఆ చట్రం మళ్ళీ నిలబెట్టాలంటే ఏది దేనిలోకి దూరాలో తెలియాలి కదా. తమాషా ఏమిటంటే, ఒక దూలం కొసన మేము సుద్దతో రాయబోయిన చోట అప్పటికే ఉలిగాట్లు ఉన్నాయి. మూడు గాట్లు. అది దూరే స్తంభం మీదా మూడు గాట్లే! కట్టిన వడ్రంగి తన కంటిన్యుటీ తను ముందే రాసుకున్నాడు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

అన్నీ బాగున్నాయని కాదు. పడమటి దూలం చూడటానికి ఏనుగులా ఉంది. మేస్త్రీ దాన్ని గొడ్డలి మడమతో కొడితే బుస్సుమంది. లోపలంతా చెద! దాని మీద కాలు వేసి పెంకులు తీసిన కుర్రాడి మొహం పాలిపోయింది. అప్పటినుంచి తట్టి చూడకుండా ఎవరినీ ఏ కర్రా ఎక్కనివ్వలేదు. ఈ పని చూడటానికి సరదాగా ఉంటుంది గానీ తెలిసిన మేస్త్రీ లేకుండా సొంతంగా ఎక్కకండి. తలుపుల మీద పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత సిమెంటు రేకులైతే ఇంకా ప్రమాదం. వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది, పగలకొట్టకూడదు. మాకు రేకులు లేవు. సున్నం దుమ్ము లేవకుండా మాత్రం రోజూ బిందెలతో నీళ్ళు చల్లారు.

ఇంటర్వెల్ బ్యాంగ్

తొమ్మిదోరోజు రాత్రి వాన మొదలయింది. వాయుగుండమట. రెండు రోజులు చెయ్యి తడవకుండా బయట పెట్టలేకపోయాం. పైకప్పు లేని ఇల్లు వానలో ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మండువా ఒక్కటే కాదు, ఇల్లంతా మండువా అయిపోయింది. విప్పిన కర్ర నేలకి తగలకుండా కింద దిమ్మలు పెట్టి, వరసకీ వరసకీ మధ్య బద్దలు వేసి, టార్పాలిన్ కప్పాం గనక కర్ర దక్కింది. కానీ రోజులు పోయాయి.

పన్నెండో రోజున మావయ్య లెక్క చెప్పాడు. “నాలుగు రోజులే ఉన్నాయి. గోడలన్నీ నిలబడే ఉన్నాయి.”

మేస్త్రీ తలూపాడు. “వెనక వంటిల్లు మిషనుకి వదిలేద్దామండి. అది ఎలాగూ విరిగేదే. మిగతాది నాది.”

అలా రాజీ కుదిరింది. మర్నాటినుంచి ఆడా మగా కలిసి పదిహేనుమంది. మావయ్య కూడా పంచె ఎగ్గట్టి ఇటుకలు గీకడానికి కూర్చున్నాడు! చేతిలో చిన్న కత్తి, ముందు ఇటుకల గుట్ట. సున్నం గీకుతూ, “ఇది మా నాన్న మోయించింది” అన్నాడు, ఎవరితోనో కాదు. నేను వినలేదన్నట్టు ఊరుకున్నాను.

పద్నాలుగోరోజు తూర్పు స్తంభం దించారు. తాళ్ళు కట్టి, కిందనున్న రాతిపీట మీంచి మెల్లగా ఒరిగించారు. వెనకవైపు, గోడకి దగ్గరగా ఉన్న పక్క, అడ్డంగా గాట్లు. ఒకదాని మీద ఒకటి. పక్కన మేకుతో గీసిన అక్షరాలు. ఉగాదికి ఉగాదికి పిల్లల ఎత్తు కొలిచి తాతయ్య పెట్టిన గుర్తులు! మావయ్యవి, పెద్దమ్మవి, అమ్మవి. అమ్మ గాట్లు ఒకచోట మావయ్య గాటుని దాటి పైకి వెళ్ళాయి.

“ఆ ఏడు నేను అన్నం మానేశాను” అన్నాడు మావయ్య. నవ్వాడో ఏమో, మొహం అటు తిప్పుకున్నాడు.

పదహారోరోజు మధ్యాహ్నం పొక్లెయిన్ వచ్చింది. సగం పూటలో వంటిల్లు పోయింది. నేల కనపడింది.

క్లైమాక్సు మనం అనుకున్నట్టు ఉండదు

ఇక్కడ కథ అయిపోతే శుభం కార్డు వేసుకోవచ్చు. కానీ లెక్కలున్నాయి. వాన వల్ల, ఎక్కువ మనుషుల వల్ల కూలి పెరిగింది. మావయ్య దగ్గర పెళ్ళి డబ్బు తప్ప మరోటి లేదు. ఇటుకలు ఆయన ప్రహరీకి, పెంకులు పశువులపాకకి సరిపోయాయి. సింహద్వారం కొత్త డాబాకి పెట్టుకుంటానన్నాడు. మిగిలినవి దూలాలు, నాలుగు స్తంభాలు. అమ్మాల్సిందే.

కొన్నదెవరో మీరు ఊహించే ఉంటారు. నేనే ఆ అసిస్టెంటు కుర్రాడికి ఫోను చేశాను. లారీ వచ్చింది. నాలుగు స్తంభాలూ ఎక్కాయి. తూర్పుది కూడా. మూడిస్తే ధర సగమంటాడు, నాలుగుంటేనే మండువా! అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇలాంటి చోట నాకు కొన్ని కథలు గుర్తొచ్చాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్రలో తమిళ, కేరళ ఇళ్ళని ముక్క ముక్కగా విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మన కోస్తా చుట్టిల్లు కూడా అక్కడ చూడొచ్చు. మణిపాల్‌లో విజయనాథ్ షెణై అనే ఆయన జీవితమంతా పడిపోతున్న ఇళ్ళ వెంట తిరిగి ఒక ఊరే కూర్చారు. అమెరికాలో పోర్ట్‌లండ్ అనే నగరంలో 2016లో ఒక చట్టమే తెచ్చారు. 1916 దాకా కట్టిన ఇంటిని మిషనుతో కూల్చకూడదు, చేత్తో విప్పాలి. 2020లో దాన్ని 1940 దాకా కట్టిన ఇళ్ళకి పొడిగించారు. మన దేశంలోనూ 2016లో కట్టడాల వ్యర్థాల మీద నియమాలు వచ్చాయి. కాంక్రీటు, ఇటుక, కర్ర, ఇనుము దేనికది వేరుచేయాలన్నది వాటిలో ముఖ్యమైన మాట.

ఇంకో మాట కూడా చెప్పాలి. గిరాకీ ఉంది కదా అని, నిలబడగల ఇంటిని స్తంభాల కోసం ఊడదీసేవాళ్ళూ ఉన్నారు. అది విప్పడం కాదు, వలవడం. ఇల్లు బాగుచేయగలిగితే బాగుచేయాలి. కుదరనప్పుడే విప్పాలి. విప్పడానికీ వీలులేనప్పుడే మిషను. మా ఇల్లు బాగుచేయాల్సిన రోజులు నాలుగు వానాకాలాల కిందటే దాటిపోయాయి. ఆ తప్పులో నా వాటా నాకుంది.

ఆఖరి షాటు

మొన్న నెలలో అసిస్టెంటు కుర్రాడు ఫోను చేశాడు. “సార్, మీ స్తంభాలు ఎక్కాయి. అమ్మగారిని తీసుకురండి.”

అమ్మ రానంది. తరువాత చీర మార్చుకుని వచ్చింది.

కొత్త సెట్టు, కొత్త మండువా. గోడలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, తులసికోట థర్మాకోలు. మధ్యలో మా నాలుగు స్తంభాలు, పాలిష్‌తో నిగనిగలాడుతున్నాయి. నా గుండె గుభేలుమంది. పాలిష్ అంటే ముందు ఉప్పుకాగితంతో రుద్దుతారు కదా! గాట్లు?

అమ్మ ఎవరినీ అడగలేదు. నేరుగా వెళ్ళి తూర్పు స్తంభం వెనక్కి చెయ్యి పోనిచ్చింది. కళ్ళు మూసుకుని, వేళ్ళతో కిందినుంచి పైకి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

“ఆ పక్క మేము ముట్టుకోలేదమ్మా” అన్నాడు కుర్రాడు. “అది కెమెరాకి కనపడని వైపు.”

అమ్మ వాడి తల నిమిరింది. “అన్నం తిన్నావా?” అని అడిగింది.

ఆ సినిమా పేరు చెప్పకూడదని నాతో ఒట్టు వేయించుకున్నారు. రేపు ఏదో సినిమాలో హీరోయిన్ మండువాలో ఒక స్తంభానికి జారబడి నిలబడితే, మీరు ఆమెనే చూడండి, పరవాలేదు. వెనకవైపు సంగతి మనకి తెలుసు.